కారు ఇంజన్ కంప్యూటర్ రీసెట్, ఆ తర్వాత మళ్లీ నేర్పించడం: గోదావరి డెల్టా కార్ల యజమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, భీమవరం, రాజోలు, నరసాపురం, మండపేట వైపు సొంత కారు నడుపుకునేవారి కోసం ఈ ప్రశ్నోత్తరాలు. బండి కంపెనీ ఇచ్చిన పుస్తకంలో వేరే పద్ధతి ఉంటే దాన్నే పాటించండి. ఇక్కడ రాసినవి ఎక్కువ కార్లకు వర్తించే సంగతులు.

రీసెట్ చేస్తే ఇంజన్ కంప్యూటర్‌లో ఏం చెరిగిపోతుంది?

కంపెనీ రాసి పెట్టిన ప్రోగ్రామ్ చెరగదు. ఎంత వేడిలో ఎంత పెట్రోలు కొట్టాలి, నిప్పు ఎప్పుడు వేయాలి అన్న మూల పట్టికలు అలాగే ఉంటాయి. చెరిగేవి మూడు: నమోదైన లోపాల కోడ్లు, ఆ లోపం పట్టుబడిన క్షణంలో ఇంజన్ వేడి, వేగం, లోడు ఎంత ఉన్నాయో దాచిన రీడింగులు, కంప్యూటర్ ఇన్నాళ్లూ మీ బండిని నడిపిస్తూ నేర్చుకున్న సవరణలు. మూడోది మళ్లీ వస్తుంది. రెండోది మళ్లీ రాదు. మెకానిక్‌కు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చేది ఆ రెండోదే.

నేర్చుకోవడం అంటే ఏమిటి? యంత్రం ఏం నేర్చుకుంటుంది?

ఇథనాల్ కలపని పెట్రోలు పూర్తిగా మండాలంటే 1 కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి. లోపలికి వచ్చే గాలిని సెన్సర్లతో కొలిచి, దానికి తగినంత పెట్రోలును కంప్యూటర్ ఇంజెక్టర్ల ద్వారా కొట్టిస్తుంది. కానీ ఏ రెండు బండ్లూ ఒకేలా ఉండవు. ఒక దాంట్లో ఇంజెక్టర్ కొంచెం మూసుకుపోయి ఉంటుంది, మరొక దాంట్లో ఎయిర్ ఫిల్టర్ దుమ్ము పట్టి ఉంటుంది. అందుకే సైలెన్సర్ వైపు ఉన్న ఆక్సిజన్ సెన్సర్, మండిన తర్వాత మిగిలిన ఆక్సిజన్‌ను చూసి 'ఇంకొంచెం పెట్రోలు కావాలి' అనో 'తగ్గించు' అనో ఎప్పటికప్పుడు చెబుతూ ఉంటుంది. ఈ క్షణపు సవరణను షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. అదే దిశలో సవరణ పదే పదే అవసరమైతే, కంప్యూటర్ దాన్ని స్థిరంగా గుర్తు పెట్టుకుంటుంది. అది లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్.

ఆరోగ్యంగా ఉన్న బండిలో ఈ లాంగ్ టర్మ్ ట్రిమ్ సున్నాకు అటూ ఇటూ 5 శాతం లోపు తిరుగుతుంది. 10 శాతం వరకు పెద్దగా కంగారు పడనక్కరలేదు. అంతకు మించి ప్లస్ వైపు, అంటే పెట్రోలు పెంచే వైపు పోతే ఎక్కడో లెక్కలోకి రాని గాలి చొరబడుతోందనో, పెట్రోలు ఒత్తిడి తగ్గిందనో అనుమానించాలి. మరీ పెరిగితే మిశ్రమంలో పెట్రోలు చాలడం లేదని చెప్పే పి0171 కోడ్ పడి చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది.

ఇంధనం ఒక్కటే కాదు. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ ఆగిపోకుండా, గాలిని లోపలికి వదిలే త్రాటిల్ రెక్క ఎంత తెరుచుకోవాలి, ఏసీ వేస్తే ఎంత అదనంగా తెరవాలి, నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజన్ టకటకమనడం) రాకుండా నిప్పును ఎంత వెనక్కి జరపాలి, ఆటోమేటిక్ బండ్లలో క్లచ్ ఎక్కడ పట్టుకుంటుంది, ఇవన్నీ నేర్చుకునేవే.

చెక్ ఇంజన్ లైటు వెలిగింది. రీసెట్ చేస్తే ఆరిపోతుందా?

ఆరిపోతుంది. అయినా ముందుగా చేయకండి. ఈ మొత్తం పేజీలో ఒక్క మాటే గుర్తుంటుందంటే ఈ మాట గుర్తుంచుకోండి. లైటు ఆర్పడం మరమ్మతు కాదు. జ్వరం వచ్చినవాడికి మందు ఇవ్వకుండా థర్మామీటరు విదిలించి పెట్టినట్టు అవుతుంది.

కోడ్ చెరిపితే దానితో పాటు పైన చెప్పిన రీడింగులూ పోతాయి. లోపం చల్లని ఇంజన్‌లో వచ్చిందా, హైవే మీద 80 వేగంలో వచ్చిందా, ఏసీ వేసినప్పుడు వచ్చిందా అన్నది తెలియక మెకానిక్ ఊహ మీద భాగాలు మార్చడం మొదలుపెడతాడు. ఆ ఖర్చు మీదే. కాబట్టి ఏ కోడ్ పడిందో, దాని రీడింగులు ఏమిటో ముందు కాగితం మీద రాసుకోండి, లేదా కోడ్లు చదివే పరికరం, అంటే స్కానర్, తెరను ఫోనుతో ఫొటో తీసుకోండి. కారణం వెతికి బాగుచేయించండి. రీసెట్ ఆ తర్వాతే.

ఇంకో సంగతి. లోపం నిజంగా పోతే చాలా బండ్లలో లైటు దానంతట అదే ఆరుతుంది. వరసగా మూడు ప్రయాణాల్లో కంప్యూటర్ ఆ భాగాన్ని పరీక్షించి బాగుందని తేల్చుకుంటే చాలు. కోడ్ మాత్రం మరికొంత కాలం జ్ఞాపకంలో ఉండి ఆ తర్వాత చెరిగిపోతుంది.

లైటు వెలుగుతూ ఆరుతూ మిణుకుమంటే మాత్రం ఇవేవీ ఆలోచించకండి. మిస్‌ఫైర్ వల్ల, అంటే సిలిండర్‌లో ఇంధనం సరిగ్గా అంటుకోక, మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే కన్వర్టర్‌లోకి వెళ్లి, దాన్ని కాల్చేస్తోందని దాని అర్థం. యాక్సిలరేటర్ మీద బరువు తగ్గించి, పక్కకు ఆపి, మెకానిక్‌ను పిలిపించండి.

మరి రీసెట్ ఎప్పుడు అవసరం?

బాగుచేసిన తర్వాత, పాత సవరణలు కొత్త భాగానికి సరిపోనప్పుడు. ఆక్సిజన్ సెన్సర్, గాలి కొలిచే సెన్సర్, ఇంజెక్టర్లు, త్రాటిల్ బాడీ మార్చినప్పుడో శుభ్రం చేయించినప్పుడో, గాలి చొరబడే చీలిక మూయించినప్పుడో చేయవచ్చు. బండి బాగా నడుస్తుంటే నెలకోసారి 'ఫ్రెష్' చేయించాల్సిన పని కాదు ఇది.

బ్యాటరీ వైరు తీస్తే సరిపోతుందా?

పాత బండ్లలో చాలావరకు సరిపోతుంది. కొత్త వాటిలో నేర్చుకున్న సవరణలను కరెంటు లేకపోయినా చెరగని జ్ఞాపకంలో దాచుతున్నారు. వాటిలో బ్యాటరీ రోజంతా తీసి ఉంచినా గడియారం సమయం తప్ప ఏమీ మారకపోవచ్చు. అలాంటి బండికి స్కానర్‌తోనే చేయాలి.

బ్యాటరీ పద్ధతే చేస్తామంటే క్రమం ఇది. అద్దం ఒకటి దించి, తాళం జేబులో పెట్టుకోండి. ఇంజన్, లైట్లు అన్నీ ఆపి, తాళం తీసిన తర్వాత కొన్ని నిమిషాలు ఆగండి. ముందు మైనస్ టెర్మినల్ విప్పండి. చాలా బండ్లకు పది నంబరు స్పానర్ చాలు. ఆ వైరు చివర ఇనుముకు తగలకుండా గుడ్డ చుట్టి పక్కకు పెట్టి, అరగంట ఆగి, మళ్లీ బిగించండి. ప్లస్ వైరు ముట్టుకోవాల్సిన పని లేదు. రెండూ విప్పాల్సి వస్తే ముందు మైనస్, తర్వాత ప్లస్ విప్పాలి. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్.

ఇంజన్ నడుస్తుండగా టెర్మినల్ ఎప్పుడూ పీకకండి. ఆల్టర్నేటర్ (డైనమో) నుంచి వోల్టేజి ఒక్కసారిగా ఎగసి కంప్యూటర్‌నే కాల్చేయగలదు. 'ఇలా పీకి చూస్తే డైనమో పనిచేస్తోందో లేదో తెలుస్తుంది' అని ఇప్పటికీ కొందరు చేస్తున్నారు. ఒక మీటరు పెట్టి చూసే పనికి అంత సాహసం ఎందుకు? హైబ్రిడ్ బండ్లలో నారింజ రంగు వైర్ల జోలికి అసలు వెళ్లవద్దు.

బ్యాటరీ తీశాక అద్దాలు ఆటోమేటిక్‌గా ఎక్కడం లేదు, సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతట అది ఆగడం లేదు. పాడయ్యాయా?

లేదు. చాలా బండ్లలో అద్దాన్ని పూర్తిగా దించి, పైకెత్తి, పూర్తిగా ఎక్కిన తర్వాత కూడా బటన్‌ను కొన్ని క్షణాలు పట్టి ఉంచితే అది తన చివర ఎక్కడో తెలుసుకుంటుంది. ఇంజన్ ఆపి మళ్లీ వెలిగించే వ్యవస్థ బ్యాటరీ స్థితిని తిరిగి అంచనా వేసుకోవాలి. బండి ఒక రాత్రంతా కదలకుండా నిలిచి, ఒకటి రెండు రోజులు తిరిగితే మామూలుగా పనిచేస్తుంది. స్టీరింగ్ కోణం తాలూకు లైటు వెలిగితే, స్టీరింగ్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి కొద్ది దూరం నేరుగా నడిపితే కొన్ని బండ్లలో పోతుంది, కొన్నింటికి స్కానర్ కావాలి.

త్రాటిల్ బాడీ కడిగించాక ఇంజన్ మరీ వేగంగా తిరుగుతోంది. కడగక ముందే బాగుండేది. మెకానిక్ పాడుచేశాడా?

పాపం, అతను పని సరిగ్గానే చేసి ఉంటాడు. త్రాటిల్ రెక్క చుట్టూ మసి పేరుకున్నప్పుడు గాలి దారి సన్నబడుతుంది. ఇంజన్ ఆగకుండా కంప్యూటర్ నెలల తరబడి రెక్కను కొంచెం కొంచెంగా ఎక్కువ తెరుస్తూ వచ్చింది. ఇప్పుడు మసి పోయింది, తెరిచే అలవాటు మాత్రం మిగిలింది. అందుకే నిమిషానికి 750 చుట్ల దగ్గర తిరగాల్సిన ఇంజన్ 1,200 దగ్గర తిరుగుతుంది. ఇక్కడ ఐడిల్ రీలెర్న్, అంటే నిలబడ్డప్పటి ఇంజన్ వేగాన్ని కంప్యూటర్‌కు మళ్లీ నేర్పడం, తప్పనిసరి. మంచి స్కానర్‌లో దీనికి ప్రత్యేక ఆదేశం ఉంటుంది. కొన్ని కార్లకు తాళం ఆన్ చేసి, ఇంజన్ వెలిగించకుండా, పెడల్ తొక్కకుండా కొంతసేపు ఉంచి, ఆఫ్ చేసి, మళ్లీ వెలిగించడం సరిపోతుంది. ఎన్ని సెకన్లు అన్నది బండిని బట్టి మారుతుంది కాబట్టి మీ మోడల్ పుస్తకంలో చూడాలి.

ఎలక్ట్రానిక్ త్రాటిల్ రెక్కను తాళం ఆన్‌లో ఉండగా వేలితో తెరవకండి. మోటారు ఒక్కసారిగా మూస్తే వేలు నలుగుతుంది, పళ్ల చక్రాలూ దెబ్బతింటాయి.

రీసెట్ చేశాక ఎలా నడిపితే తొందరగా నేర్చుకుంటుంది?

ఇంజన్ రాత్రంతా చల్లబడిన తర్వాత, తెల్లవారి మొదలుపెట్టండి. ట్యాంకులో సగానికి పైగా పెట్రోలు ఉండాలి, బ్యాటరీ బాగుండాలి. ఏసీ, లైట్లు, పాటలు అన్నీ ఆపండి. ఇంజన్ వెలిగించి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, వేడి ముల్లు మధ్యకు వచ్చి రేడియేటర్ ఫ్యాను ఒకసారి తిరిగి ఆగేవరకు అలాగే వదిలేయండి. షెడ్డులో కాదు, ఆరుబయట. తర్వాత ఏసీ వేసి ఇంకో ఐదు నిమిషాలు ఉంచండి. ఆటోమేటిక్ అయితే బ్రేకు గట్టిగా తొక్కి, ముందు ఎవరూ లేని చోట, డి లో పెట్టి రెండు నిమిషాలు నిలపండి.

ఇక రోడ్డు. కాలువ గట్టు రోడ్లు ఇందులో సగం పనికే పనికొస్తాయి. గేర్లు మారుస్తూ, తక్కువ వేగంలో మెల్లగా ఎత్తుకోవడం, మలుపుల దగ్గర తగ్గించడం అక్కడ చక్కగా జరుగుతుంది. కానీ ఒకే వేగంలో పది నిమిషాలు నిలకడగా పోవడం గట్టు మీద కుదరదు. గేదెలు వస్తాయి, వరికోత యంత్రం ఎదురవుతుంది, ఊరూరా స్పీడ్ బ్రేకర్లు. ఆ భాగానికి పెద్ద రోడ్డు ఎక్కాలి. రావులపాలెం దగ్గరివారికి తణుకు వైపో రాజమహేంద్రవరం వైపో వెళ్లే 16వ జాతీయ రహదారి ఉంది. కోనసీమ లోపలివారికి ముమ్మిడివరం, అమలాపురం, రాజోలు మీదుగా పోయే 216వ జాతీయ రహదారిలో ఊళ్లు తగలని భాగాలు ఉన్నాయి. అక్కడ 60 నుంచి 80 మధ్య ఒకే వేగంలో పది పదిహేను నిమిషాలు పోనివ్వండి. తర్వాత వెనుక బండ్లు లేవని అద్దంలో చూసుకుని, గేరులోనే ఉంచి, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీసి, బ్రేకు వేయకుండా వేగం తగ్గనివ్వండి. ఆ సమయంలో కంప్యూటర్ పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది, ఆక్సిజన్ సెన్సర్ ఒట్టి గాలిని చూస్తుంది. కొన్ని పరీక్షలకు ఆ స్థితి తప్పనిసరి. మూడు నాలుగు సార్లు చేస్తే చాలు.

మన నేల బల్లపరుపు. ఎత్తు ఎక్కే లోడు కావాలంటే సిద్ధాంతం, రావులపాలెం, చించినాడ లాంటి వంతెనల ఎక్కుడు తప్ప వేరే దారి లేదు. నలుగురు కూర్చున్న బండిని ఆ ఎక్కుడు మీద నిదానంగా ఎక్కించినా మేలే. నరసాపురం నుంచి సఖినేటిపల్లి రేవుకు పంటు మీద దాటే రోజు మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. ఆపడం, వెలిగించడం, ఎదురుచూడడంతో ప్రయాణం ముక్కలైపోతుంది.

ధాన్యం ఆరబోసిన రోడ్డు మీద ఈ ప్రయత్నాలు వద్దేవద్దు. గింజల మీద చక్రం జారుతుంది. రోడ్డు మీద పరిచిన ఎండుగడ్డి వేడి కన్వర్టర్ కింద ఇరుక్కుంటే అంటుకోవచ్చు కూడా.

ఎన్నాళ్లు పడుతుంది? ఈలోపు బండి ఎలా ఉంటుంది?

ఐడిల్ మొదటి రోజే దారికి వస్తుంది. ఇంధన సవరణలు వంద కిలోమీటర్ల లోపు చాలావరకు కుదురుకుంటాయి. గేరు పెట్టె సవరణలకు ఇంకొంచెం ఎక్కువ. ఈలోపు పికప్ కొద్దిగా మందంగా, నిలబడ్డప్పుడు సన్నని వణుకుతో, మైలేజీ కాస్త తగ్గి ఉండడం మామూలే. వారం దాటినా అలాగే ఉంటే నేర్చుకోవడంలో లోపం లేదు, బండిలో ఉంది.

రీసెట్‌తో మైలేజీ, పికప్ పెరుగుతాయని వీడియోల్లో చెబుతున్నారు. నిజమేనా?

మంచి బండిలో పెరగవు. నేర్చుకున్నదంతా చెరిగి, కంప్యూటర్ మళ్లీ మొదటి అంచనాతో మొదలుపెట్టినప్పుడు కొన్నాళ్లు పెడల్ చురుగ్గా అనిపించవచ్చు. అది తిరిగి పాత చోటికే వస్తుంది, ఎందుకంటే పాత చోటే సరైనది.

ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది కదా, దానికోసం రీసెట్ చేయాలా?

అవసరం లేదు. ఇథనాల్‌కు 1 కిలోకు సుమారు 9 కిలోల గాలే చాలు, అంటే అంతే గాలికి ఇంధనం ఎక్కువ కొట్టాలి. ఆక్సిజన్ సెన్సర్ ఆ తేడా పట్టేసి ట్రిమ్‌ను ప్లస్ వైపు కొంచెం జరుపుతుంది. రీసెట్ చేస్తే ఆ పాఠం చెరిగి, మళ్లీ అదే నేర్చుకుంటుంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీలో కొంత తగ్గుదల ఉంటుంది, దాన్ని రీసెట్ తిరిగి తేలేదు. పాత బండ్లలో రబ్బరు పైపుల సంగతి వేరు, వాటిని కళ్లతో చూసి పరీక్షించుకోవాలి.

సీఎన్‌జీ కిట్ ఉన్న బండికి?

బయట బిగించిన కిట్ అయితే నేర్పించడం ముందు పెట్రోలు మీద పూర్తి చేయండి. చాలా కిట్లు పెట్రోలు కంప్యూటర్ ఇంజెక్టర్లకు ఇచ్చే ఆదేశాన్నే తీసుకుని గ్యాసుకు మారుస్తాయి. గ్యాసు సర్దుబాటు సరిగ్గా లేకపోతే ఆ తప్పు పెట్రోలు ట్రిమ్‌లోకి ఎక్కి, పెట్రోలు మీద కూడా బండి గతుకుతుంది. అలాంటప్పుడు పదే పదే రీసెట్ చేయించుకోకుండా, కిట్ బిగించినవారి దగ్గర ల్యాప్‌టాప్ పెట్టించి గ్యాసు మ్యాపు (ఎంత గ్యాసు కొట్టాలన్న పట్టిక) సరిచేయించండి.

డీజిల్ బండి, రోజూ చెరువు గట్ల మీదే తిరుగుతుంది. ఫిల్టర్ లైటు వచ్చింది. రీసెట్ చేయించవచ్చా?

భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు రొయ్యల, చేపల చెరువుల రైతులు ఎక్కువగా అడిగేది ఇదే. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణంతో వచ్చిన డీజిల్ కార్లలో సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. నిండిన మసిని కాల్చుకోవాలంటే లోపల సుమారు 600 డిగ్రీల వేడి, కొంతసేపు ఆగని ప్రయాణం కావాలి. ఇంటి నుంచి చెరువుకు రెండు మూడు కిలోమీటర్లు, మేత వేయించి తిరిగి ఇంటికి అంటే ఆ వేడి ఎప్పటికీ రాదు.

ఫిల్టర్‌ను కాల్పించకుండా లెక్కను మాత్రమే సున్నా చేయించడం ప్రమాదం. లోపల మసి నిండుగా ఉంటుంది, కంప్యూటర్ ఖాళీ అనుకుంటుంది. తర్వాత అది ఒకేసారి మండితే ఫిల్టర్ పగలవచ్చు, దాని ఖరీదు వేలతో తేలదు. లైటు కొత్తగా వచ్చినప్పుడే పెద్ద రోడ్డు మీద అరగంట నడపండి. మధ్యలో ఆపాల్సి వస్తే ఎండుగడ్డి మీద, వరి దుబ్బుల మీద బండి నిలపవద్దు. లైటు వచ్చి రోజులు గడిస్తే వర్క్‌షాపులో స్కానర్‌తో కాల్పించాలి.

డీజిల్ ఇంజెక్టర్లు మారిస్తే ఒక్కొక్క దాని మీద చెక్కిన సంకేతాన్ని కంప్యూటర్‌లో ఎక్కించాలి. మీ పాత ఇంజెక్టర్లు తిరిగి ఇమ్మనండి, కొత్త సంకేతాలు ఎక్కించారో లేదో అడగండి.

కోడ్ చెరిపిన రెండు రోజులకే మళ్లీ వస్తోంది. కంప్యూటర్ పోయిందా?

కంప్యూటర్ పోవడం చాలా అరుదు. మన ప్రాంతంలో వైరును, ఎర్తును అనుమానించాలి. సార్వా కోతలు, దాళ్వా కోతలు అయ్యాక పొలాల్లోని ఎలుకలు ఇళ్లకు, షెడ్లకు చేరతాయి. వెచ్చగా ఉందని ఇంజన్ మీదకు ఎక్కి గడ్డి, కొబ్బరి పీచు పోగేసి, సెన్సర్ల వైర్లు కొరుకుతాయి. బానెట్ ఎత్తి పీచు కనిపిస్తే ఆ చుట్టుపక్కల వైర్లన్నీ చూడండి. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలికి బ్యాటరీ టెర్మినళ్లకు, బాడీకి బిగించిన ఎర్త్ వైర్లకు చిలుము పడుతుంది. ఎర్తు సరిగ్గా లేకపోతే నాలుగైదు సంబంధం లేని కోడ్లు ఒకేసారి పడతాయి. అన్ని సెన్సర్లు ఒకే రోజు చావవు. టెర్మినల్ విప్పి గరుకు కాగితంతో శుభ్రం చేసి, గట్టిగా బిగించి, పైన వాజలిన్ రాయండి. ఎంతో ఖరీదైన సెన్సర్ కొనే ముందు ఈ పావుగంట పని చేసి చూడండి.

వరద నీళ్లలో మునిగిన బండికి రీసెట్ పనిచేస్తుందా?

పనిచేయదు, పైగా ప్రయత్నించవద్దు. 1986లో, 2022 జూలైలో వచ్చినంతటి వరదలే అక్కరలేదు, లంక ఊళ్లలో మామూలు వరదకే బండ్లు మునుగుతాయి. నీళ్లు దిగాక చేయాల్సిన మొదటి పని బ్యాటరీ మైనస్ విప్పడం. తాళం తిప్పవద్దు, తోసి వెలిగించవద్దు. సిలిండర్‌లో నీరు ఉంటే పిస్టన్ దాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. తడిసిన కనెక్టర్లలోకి కరెంటు పోతే పిన్నులు తినేస్తుంది. బీమా కంపెనీకి ఫొటోలు పంపి, లారీ మీద ఎక్కించి వర్క్‌షాపుకు చేర్చండి.

మారేడుమిల్లి ఘాట్ ఎక్కేముందు, దిగాక చేయాలా?

వద్దు. గాలి పల్చబడితే సెన్సర్లు అప్పటికప్పుడే చెబుతాయి.

సొంతంగా స్కానర్ కొనుక్కోవచ్చా?

తప్పకుండా. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో పెట్టి ఫోనుకు కలుపుకునే చిన్న పరికరం చాలు. కోడ్, ట్రిమ్, వేడి చూడడానికి అది ఎంతో మేలు. గేరు పెట్టె, డీజిల్ ఫిల్టర్, ఎయిర్‌బ్యాగ్ పనులు దానితో కావు. రాత్రిళ్లు సాకెట్‌లోనే వదిలేయకండి, బ్యాటరీ తాగేస్తుంది.

క్లచ్ పెడల్ లేని ఏఎంటీ బండి రీసెట్ తర్వాత గేరు మారినప్పుడల్లా కుదుపుతోంది.

క్లచ్ పట్టుకునే బిందువును అది మళ్లీ నేర్చుకోవాలి. చాలా మోడళ్లలో ఇది వర్క్‌షాపు స్కానర్‌తోనే జరుగుతుంది, నడిపితే సర్దుకుంటుందని నెలల తరబడి ఎదురుచూస్తే క్లచ్ ప్లేటు అరిగిపోతుంది.

పొల్యూషన్ సర్టిఫికెట్‌కు వెళ్లేముందు రీసెట్ చేస్తే మంచిదా?

చెడ్డది. ఇక్కడి పరీక్షలో పెట్రోలు బండికి పొగలోని వాయువులను, డీజిల్ బండికి పొగ చిక్కదనాన్ని కొలుస్తారు. రీసెట్ చేసిన వెంటనే మిశ్రమం ఇంకా కుదురుకోదు కాబట్టి రీడింగు మామూలు కంటే ఎక్కువ రావచ్చు. కనీసం వారం నడిపి, ఇంజన్ బాగా వేడెక్కిన తర్వాతే పరీక్షకు తీసుకెళ్లండి.